ఒక్క రాత్రిలో ఇల్లు ఖాళీ చేస్తే జబ్బు పోతుందా? ఏడున్నర సీరియల్ చూసినవాళ్ళు చెప్పండి

పెన్నాగట్టు:
నిన్నటి ఎపిసోడ్ చూసినప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. చూడనివాళ్ళకి కథ చెప్తా. హీరోయిన్ టీచరు, ఒంటరిగా ఉంటుంది. ఇంటినిండా పాత పేపర్లు, గుడ్డల మూటలు, విరిగిన కుర్చీలు, ఖాళీ డబ్బాలు, ఏ ఒక్కటీ పారేయనివ్వదు, అదే ఆమె జబ్బు. హీరో ఇళ్ళకి డిజైన్ చేసేవాడు. ఆమె తిరుమల వెళ్ళొచ్చేలోపు స్నేహితుల్ని పిలిచి, అంతా ఒక ట్రాక్టర్‌కెత్తించి, గోడలకి రంగు వేయించి, గుమ్మానికి పూలు కట్టించాడు. ఆమె వచ్చి రెండు నిమిషాలు ఏడ్చి అతన్ని వాటేసుకుంది. జబ్బు పోయింది. సోమవారం నుంచి పెళ్ళి షాపింగ్.

అంతకుముందు అదే ఇంటిని కామెడీకి వాడుకున్నారు. హీరో చేతి మీద బొద్దింక పాకితే డోలు మోత, ఆమె చిరిగిన చీపురు దాచుకుంటే వెక్కిరింపు పాట.

మా అమ్మది ఇదే పరిస్థితి. నేను బెంగళూరులో ఉంటా. ఆమె నా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు మూలాపేటలో తమ్ముడు ఇల్లు మొత్తం ఖాళీ చేయించాడు. తిరిగొచ్చిన రోజు ఆమె గేటు దాటి లోపలికి రాలేదు, మెట్ల మీదే కూర్చుంది. తమ్ముడితో మాట మానేసింది. ఏడాది తిరక్కముందే ఇల్లు మళ్ళీ నిండింది, ఈసారి గదులకి తాళాలు కూడా వేసుకుంది. కాబట్టి ఈ సీరియల్ చూసి ఇంకో పది ఇళ్ళలో కొడుకులు ట్రాక్టర్ మాట్లాడతారేమోనని నా భయం.

చీరాల_సముద్రం:
సీరియల్ అన్నా అది. సీరియల్‌లా చూసి వదిలేయండి.

ఒంగోలు_గిత్త:
జబ్బు సంగతి పక్కన పెట్టండి, ఒక్క ట్రాక్టర్ అన్న దగ్గరే నాకు ఒళ్ళు మండింది. ఒంగోలు కర్నూలు రోడ్డులో మాది పాత సామాన్ల వ్యాపారం, మా నాయన కాలం నుంచి. అలాంటి ఇల్లు ఒకటి ఖాళీ చేయాలంటే ముందు పేపరు వేరు, ఇనుము వేరు, ఇత్తడి వేరు, ప్లాస్టిక్కు వేరు చేయాలి. పేపర్ల మధ్యలో పట్టాదారు పాసు పుస్తకాలు ఉంటాయి, బియ్యం డబ్బాల అడుగున బంగారం ఉంటుంది, చీర మడతల్లో నోట్లు ఉంటాయి. 2016లో పెద్దనోట్లు రద్దైన తర్వాత కూడా ఎన్ని పాత వెయ్యి నోట్లు బయటపడ్డాయో మాకు తెలుసు. చూసుకోకుండా ఎత్తిపోస్తే ఆ ఇంటివాళ్ళ ఆస్తి పోయినట్టే. రాత్రికి రాత్రి ఎవడూ చేయలేడు.

మార్కాపురం_పలక:
నాకు అసలు ఈ జబ్బు అనే మాటే నచ్చలేదు. మా జేజి చింతపండు కట్టొచ్చిన దారం దగ్గర్నుంచి అన్నీ దాచేది. కరువు చూసిన మనుషులు. పశ్చిమ ప్రకాశంలో నీళ్ళ బిందె కోసం మైళ్ళు నడిచినవాళ్ళకి దేన్నైనా పారేయాలంటే చేతులు రావు. దానికీ డాక్టరేనా? రేపు పొదుపు కూడా జబ్బంటారు.

ఉదయగిరి_నర్సు:
పలక గారూ, మీ జేజి దారం దాచింది, మళ్ళీ ఆ దారంతోనే ఏదో ఒకటి కట్టింది కదా? ఆమె పొయ్యి దగ్గర వంట చేయడానికి చోటుంది, మంచం మీద పడుకోవడానికి చోటుంది. అది పొదుపు. నేను మానసిక విభాగంలో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. వస్తువు విలువతో సంబంధం లేకుండా దేన్నీ వదల్లేకపోవడం, వదలాలంటే గుండె దడ, దాని వల్ల గదులు అసలు పనికే రాకుండా నిండిపోవడం, ఇవన్నీ కలిస్తే హోర్డింగ్ డిజార్డర్. ఒకప్పుడు దీన్ని ఓసీడీలో, అంటే వద్దన్నా అవే ఆలోచనలొచ్చి చేసిందే మళ్ళీ మళ్ళీ చేసే జబ్బులో, భాగంగా చూసేవాళ్ళు. 2013లో అమెరికా సైకియాట్రీ వాళ్ళు వేరే జబ్బుగా గుర్తించారు, 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ వేరుగానే ఉంది. నాణేలు, స్టాంపులు పోగేసేవాళ్ళది ఇది కాదు, వాళ్ళు సర్దుకుంటారు, నలుగురికీ చూపించుకుంటారు. వీళ్ళు ఇంటికి మనుషుల్ని రానివ్వరు, సిగ్గుతో.

సీరియల్‌లో ఆమెకి తల్లి చనిపోయిన రోజు నుంచి మొదలైనట్టు చూపించారు. పెద్ద దుఃఖం తర్వాత ఎక్కువ కావడం నిజమే. కానీ చాలామందిలో చిన్నవయసులోనే, పదకొండు పదిహేనేళ్ళ మధ్యే ఛాయలు కనిపిస్తాయి, వయసుతో పాటు ముదురుతుంది. అందుకే ముసలివాళ్ళలో బయటపడుతుంది. మతిమరుపు జబ్బు వల్ల కూడా ఇలా పోగేసేవాళ్ళుంటారు, అది వేరు, ముందు అది కాదని తేల్చుకోవాలి.

కందుకూరు_కోడలు:
అందరూ ఆమె బాధ గురించే మాట్లాడుతున్నారు. ఆ ఇంట్లో ఉండే మిగతావాళ్ళ గురించి ఒక్కరూ అనలేదు. సీరియల్‌లో ఆమె ఒంటరిది కాబట్టి సరిపోయింది. మా అత్తమ్మ ఒంటరిది కాదు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి నాకు బీరువాలో ఒక్క అర లేదు. వంటింట్లో గట్టు మీద మందుల ఖాళీ స్ట్రిప్పులు, పాల కవర్లు కడిగి ఆరేసినవి కట్టలు కట్టలు, వాటి పక్కనే నేను కూర తరగాలి. ఎలుకలు. ఒకసారి పాత చీరల మూటలోంచి తేలు వచ్చి మా పాపని కుట్టింది. ఆ రాత్రి పాపని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. తెల్లారి అత్తమ్మ అన్న మాట, "ఆ మూట ఎవరు కదిలించారు" అని.

ఆ హీరో చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు గానీ ఆ ఎపిసోడ్ చూస్తూ నేను ఏడ్చాను. ఖాళీ గది చూసి ఏడ్చాను. ఎవరో ఒకరు చేశారు కదా అని.

పెన్నాగట్టు:
చెల్లెమ్మా, పాపకి అలా జరగడం చాలా బాధగా ఉంది. కానీ నేనడిగేది ఒక్కటే, ఆమెని అడగకుండా చేయొచ్చా? అడగకుండా తీసేస్తే వాళ్ళకి అది దొంగతనం జరిగినట్టే. నమ్మకం పోతుంది, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి కూడా రారు. మా అమ్మ రాలేదు. దీనికి ఉన్న వైద్యం నిదానంగా సాగేది, కౌన్సెలింగ్‌లో ఒక్కో వస్తువూ వాళ్ళ చేతే తీయించి, ఉంచాలా వదలాలా అని వాళ్ళ చేతే నిర్ణయం చేయిస్తారు. నెలల తరబడి పడుతుంది. దీనికంటూ ప్రత్యేకంగా ఆమోదించిన మాత్ర కూడా లేదు, డిప్రెషన్ లాంటివి తోడుంటే వాటికి మందిస్తారు. హీరో ఆ నెలల్ని ఒక పాటలో అవగొట్టాడు.

ఒంగోలు_గిత్త:
అడగకుండా అన్నారు కాబట్టి చెప్తా. ఒకాయన పిల్లలు పిలిస్తే వెళ్ళి పాత రేడియోలు, పనిముట్లు, పుస్తకాలు తూకం వేసి తెచ్చాం. మర్నాడు పొద్దున షట్టర్ తీసేసరికి ఆ పెద్దాయన అక్కడ నిలబడి ఉన్నాడు. తన సామాను తానే కొనుక్కుంటానని డబ్బు చేతిలో పట్టుకుని. ఆటో కూడా మాట్లాడుకుని వచ్చాడు. మా నాయన డబ్బు తీసుకోలేదు. అప్పటినుంచి ఇంటి పెద్ద ఎదురుగా ఉంటేనే తూకం వేస్తాం. పిల్లలు ఒక్కళ్ళే పిలిస్తే పోం. ఇంకో సంగతి, ట్రాక్టర్‌కి టార్పాలిన్ కూడా కట్టలేదు ఆ సీరియల్‌లో, పేపర్లు హైవే అంతా ఎగిరిపోవా?

కావలి_కుర్రోడు:
గిత్తన్నా ట్రాక్టర్ వదిలెయ్ అబ్బయా.

ఒంగోలు_గిత్త:
వదలను. పని తెలియనివాళ్ళు పని చూపించకూడదు. జబ్బు విషయంలో మీరంతా అనేదీ అదే కదా.

కందుకూరు_కోడలు:
పెన్నాగట్టు అన్నా, ఒకటి అడుగుతా. మీ తమ్ముడు ఆ ఇల్లు ఖాళీ చేయించినప్పుడు ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు?

పెన్నాగట్టు:
అమ్మ, తమ్ముడు, మరదలు, వాళ్ళ బాబు. ఎందుకు?

కందుకూరు_కోడలు:
ఎందుకంటే మీరు ఇంత రాసినా మీ మరదలి మాట ఒక్క ముక్క లేదు. మీరు బెంగళూరులో ఉంటారు. సంక్రాంతికి వస్తారు. వచ్చినప్పుడు మీకు మంచం ఖాళీ చేసి ఇస్తారు, ఆ మంచం మీదవి తీసుకెళ్ళి ఎవరి గదిలో పెడతారో మీరెప్పుడైనా చూశారా? మా ఆడబిడ్డ అంతే. ఫోన్‌లో "అమ్మని ఇబ్బంది పెట్టకండి, అది జబ్బు" అంటుంది. జబ్బని నాకూ తెలుసు. దాన్ని రోజూ తొక్కుకుంటూ నడిచేది నేను.

పెన్నాగట్టు:
దూరంగా ఉన్నానని ప్రేమ లేదంటారా? నేను డబ్బు పంపుతున్నా, డాక్టర్లతో మాట్లాడుతున్నా. ఓపిక లేనివాళ్ళే ట్రాక్టర్లు పిలుస్తారు. ఇంటికొచ్చిన కోడళ్ళకి అత్త సామాను ఎప్పుడూ చెత్తలాగే కనిపిస్తుంది.

కందుకూరు_కోడలు:
ఓపిక గురించి మీరు చెప్పకండి నాకు. పాప కాలు వాచి పోయిన రాత్రి కూడా నేను ఒక్క మూట బయట పడేయలేదు.

చీరాల_సముద్రం:
ఇదిగో, సీరియల్ కోసం కొట్టుకుంటున్నారు.

నిర్వాహకులు:
"కోడళ్ళకి" అంటూ గంపగుత్తగా మాట్లాడొద్దు. మళ్ళీ అలా రాస్తే వ్యాఖ్య తీసేస్తాం.

స్టోన్‌హౌస్‌పేట:
ఇన్నాళ్ళూ చదువుతున్నా గానీ రాయలేదు. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చి కాలనీల్లోకి నీళ్ళొచ్చినప్పుడు మా పిన్నమ్మ ఇల్లు మునిగింది. నీళ్ళు తీశాక వీధంతా తడిసిన పరుపులు, పుస్తకాలు బయట పోశారు. పిన్నమ్మ ఒక్కటీ పోయనివ్వలేదు, బురదతో సహా లోపలే ఉంచింది. వాసనకి పక్కింటివాళ్ళు గొడవ. బాబాయి చివరికి వేరే గది అద్దెకి తీసుకుని వెళ్ళిపోయాడు, ఆమెని వదిలేసి కాదు, రోజూ అన్నం తీసుకెళ్తాడు. నా అభిప్రాయం, మీరిద్దరూ వస్తువుల గురించి కొట్టుకోవడం లేదు. జబ్బు మనిషికి టైం ఇవ్వాలని ఒకరు, ఆ టైం అంతా ఎవరి జీవితంలోంచి తీసి ఇస్తున్నారని ఇంకొకరు. సీరియల్‌లో హీరోయిన్‌ని ఒంటరిగా ఉంచి ఈ రెండో ప్రశ్నే రాకుండా చేసుకున్నారు. నాకు కోపం అక్కడ.

ఉదయగిరి_నర్సు:
అది నిజం. ఇంకొక మాట. అడగకుండా ఊడ్చేయడానికీ ఏమీ చేయకపోవడానికీ మధ్యలో చాలా ఉంది. తలుపుకి దారి, పొయ్యి చుట్టూ ఖాళీ, పిల్లలు పడుకునే గది, ఇవి బేరం లేనివి అని ముందే చెప్పి పట్టుబట్టొచ్చు. నిప్పు అంటుకుంటే బయటపడే దారి లేక ప్రాణాలు పోతాయి, ముసలివాళ్ళు తట్టుకుని పడతారు. మిగతా సామాను జోలికి పోకుండా ఈ హద్దు మాత్రం నిలబెట్టడం కఠినత్వం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416 టెలీ మానస్ ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళు కూడా ఫోన్ చేయొచ్చు.

మార్కాపురం_పలక:
ఇంట్లో పిల్లకి తేలు కుట్టాక అది పొదుపు అని నేనూ అనను. కానీ ప్రతి ముసలమ్మనీ ఈ లెక్కలో వేయొద్దని నా మాట అలాగే ఉంది.

పెన్నాగట్టు:
చీరాల తమ్ముడికి జవాబు. సీరియలే కదా అని వదిలేయాల్సిన పని లేదు. మానసిక జబ్బు 2016 వికలాంగుల హక్కుల చట్టం పరిధిలో ఉంది. 2024 జులైలో సుప్రీంకోర్టు ఒక సినిమా కేసులో, వైకల్యాన్ని తెర మీద చూపేటప్పుడు వెక్కిరింపు కూడదని, వైద్య విషయాలు సరిగ్గా తెలుసుకుని చూపాలని చెప్పింది. 2021లో మారిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు పంపితే ఛానెల్ 15 రోజుల్లో తేల్చాలి. నేను ఫిర్యాదు రాస్తున్నా. బొద్దింక కామెడీ, అడగకుండా ఖాళీ చేయడం, కౌగిలింతతో నయం కావడం, ఈ మూడింటి మీదా. చెల్లెమ్మా, కోడళ్ళ గురించి రాసిన వాక్యం నిర్వాహకులనే తీసేయమన్నాను. అడగకుండా తీయకూడదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కందుకూరు_కోడలు:
తీసుకోవద్దు, నేనూ అడగలేదు. ఫిర్యాదులో నాలుగోది చేర్చండి. ఆ ఇంట్లో ఒక కోడలో, ఒక చిన్నపిల్లో ఉంటే కథ ఏమయ్యేదో చూపించమని రాయండి. అది చేరిస్తే నా పేరు పెట్టండి, లేకపోతే వద్దు. పంపేముందు మీ మరదలికి ఒకసారి చదివి వినిపించండి, ఆమె ఏమన్నదో ఇక్కడ రాయండి.

ఒంగోలు_గిత్త:
ట్రాక్టర్ సంగతి కూడా రాయండి అన్నా. ఇంటి పెద్ద లేకుండా సామాను తూకం వేయడం మా వ్యాపారంలో ఒప్పుకోమని నా పేరుతో రాయండి.