రెటీనా ఆపరేషన్ అయ్యాక కంట్లో నూనె చుక్క తేలింది, మీ కుక్కలకు ఎవరికన్నా ఇలా అయిందా?

లడ్డూ అమ్మ, హనుమకొండ
మా లడ్డూ షిట్జూ, ఏడేళ్లు. కుడికన్ను లోపల వెనక పొర, అదే రెటీనా, ఊడితే చెన్నై తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. లేజర్ చేసి, లోపల సిలికాన్ నూనె నింపారు. ఇవాళ 24వ రోజు. మొన్నటి నుంచి పై రెప్ప కిందే, కంటి ముందు భాగంలో గాజు పూసలాంటి చుక్క మెరుస్తోంది. ఇక్కడ కంటి ప్రెషర్ చూపిస్తే 31 వచ్చింది. డార్జోలమైడ్, టిమోలాల్ కలిసిన చుక్కలు రాశారు. ఆ పూస దానంతటదే పోతుందా? మెట్లు ఎక్కనివ్వచ్చా? చెకప్‌కి మళ్లీ రైల్లో తీసుకెళ్తే కుదుపులకు ఏమన్నా అవుతుందా?

టైగర్ నాన్న, కరీంనగర్
అక్కా, అన్నీ పక్కన పెట్టి ప్రెషర్ చూసుకోండి. మా టైగర్ తిండి మానేసి తల గోడకు ఆనించి నిలబడేవాడు. అలిగాడని నవ్వుకున్నాం. తీరా చూపిస్తే 52. నొప్పితో అలా నిలబడ్డాడని అప్పుడు తెలిసింది. చూపు ఎలాగూ పోయింది, చివరికి కన్నే తీసేశారు. తీసేసిన నాలుగో రోజు బంతి వెంట ఉరికాడు. ముందే తీయించి ఉంటే అన్ని రోజులు నొప్పి పడేవాడు కాదు కదా అని ఇప్పటికీ అనిపిస్తది.

పాతపంట, జనగామ
ఇన్ని మందులెందుకమ్మా? మా నానమ్మ నందివర్ధనం పూలు నలిపి రసం పిండేది, మనుషులకైనా ఆవులకైనా. తెల్లారేసరికి ఎరుపు పోయేది.

మామునూరు పాత విద్యార్థి
ఆపరేషన్ అయిన కంట్లో పూల రసమా! తెంపితే పాలు కారే మొక్క అది. మామునూరు వెటర్నరీ కాలేజీలో చదివి ప్రాక్టీసులో ఉన్నా, ఇలాంటి రసాలు పోసి తెచ్చిన కళ్లు ఎన్ని చూశానో చెప్పలేను.
లడ్డూ అమ్మగారూ, ముఖ్యమైన మాట మీరు రాయలేదు. ఆ కంట్లో లెన్స్ ఉందా, తీసేశారా?

పాతపంట, జనగామ
పువ్వును నలిపితే పాలు కారవు సార్, కొమ్మ విరిస్తే కారతాయి. మొక్కనే చూడకుండా తీర్పులా? మీ కాలేజీలు రాకముందు ఊళ్లలో కుక్కలు లేవా?

మామునూరు పాత విద్యార్థి
ఉన్నాయి. కళ్లు పోయి బావుల్లో పడ్డాయి.

పాతపంట, జనగామ
ఈపాటి ప్రాక్టీసుకే ఇంత పొగరా?

సింగరేణి బిడ్డ, గోదావరిఖని
ఇద్దరూ ఆపండన్నా. నాకు రసం కాదు, ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలే కొంప ముంచాయి. ఆపరేషన్ అయ్యాక మా కుక్క కన్ను ఎర్రబడితే పాత సీసా తీసి వేశా. నల్లగుడ్డు మీద పుండు ఉందని నాకేం తెలుసు? రెండు రోజుల్లో కన్ను బూడిద రంగుకు తిరిగింది. తర్వాత డాక్టర్ పసుపుపచ్చ రంగు చుక్క వేసి నీలిలైటు కొడితే పుండు ఆకుపచ్చగా మెరిసింది. ఆ టెస్టు కాకుండా స్టెరాయిడ్ ముట్టుకోవద్దు. గీరుకోకుండా మెడకు తొడిగే కోన్ కూడా తీయొద్దు. మాది కోన్ కొరికేస్తే పాత బకెట్ అడుగు కోసి మెడకు తగిలించా. కాలనీ అంతా నవ్వారు గానీ గీరుకోవడం ఆగింది.

రైలు మామ, కాజీపేట
చెన్నై అంటే ఫస్ట్ ఏసీ. కూపే మొత్తం మీ పేరునే ఉండాలి, లేకుంటే కుక్కను లగేజీ వ్యాన్‌లో పంపమంటారు. కొత్తగా ఆపరేషన్ అయిన దాన్ని ఆ వ్యాన్‌లో మాత్రం పంపొద్దు.
ఇంకో సంగతి. ఇదే ఆపరేషన్ అయ్యాక మా బావను వారం రోజులు బోర్లా పడుకోమన్నారు. కుక్కను ఎలా పడుకోబెడతారు?

మామునూరు పాత విద్యార్థి
పడుకోబెట్టరు. మనుషులకు కొన్ని నెలలకు నూనె తీసేస్తారు, కుక్కలకు మామూలుగా లోపలే ఉంచేస్తారు.

లడ్డూ అమ్మ, హనుమకొండ
లెన్స్ లేదు సార్. రెండేళ్ల కింద అదే కంటికి శుక్లం ఆపరేషన్ అయింది.

మామునూరు పాత విద్యార్థి
అనుకున్నా. లెన్స్ అడ్డం లేదు కాబట్టి నూనె ముందుకు జారింది. నీళ్లకన్నా తేలిక కనుక పైకి తేలి పూసలా కనబడుతోంది. చిన్నగా ఉంటే కొన్నిసార్లు అలాగే వదిలేస్తారు. పెద్దదై నల్లగుడ్డుకు తగులుతూ ఉంటే కన్ను మసకబారుతుంది, ప్రెషర్ పెరుగుతుంది, అప్పుడు తీయాల్సి రావచ్చు. అది పూస సైజు చూసి ఆపరేషన్ చేసినవాళ్లే చెప్పాలి. రోజూ ఒకే వెలుతురులో ఫోటో తీసి పంపండి. మెడకు బెల్ట్ కట్టి లాగొద్దు, కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. హార్నెస్ వాడండి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగండి.

బ్రూనో అక్క, మంచిర్యాల
గోమార్లు (పిడుదులు) కుట్టి వచ్చే జ్వరానికి టెస్టు చేయించారా? మా బ్రూనోకు ప్లేట్‌లెట్లు పడిపోయి కంట్లో రక్తం చేరి రెటీనా లేచింది. ఆపరేషనే లేదు, డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడారు. ఒక కన్ను నిలిచింది. పేలు, గోమార్లు మా వైపు వానాకాలంలో మరీ ఎక్కువ. ఏ మందు కొడుతున్నారు మీరంతా?

సింగరేణి బిడ్డ, గోదావరిఖని
నెలకో మాత్ర ఇస్తున్నా అక్కా. రేటు అడగకు.

పాతపంట, జనగామ
గోమార్లకు వేపాకు నూరి పూస్తే చాలు.

మామునూరు పాత విద్యార్థి
మళ్లీ మొదలు.

లడ్డూ అమ్మ, హనుమకొండ
ఇవాళ ప్రెషర్ 22. పూస అలాగే ఉంది, చెన్నైకి ఫోటో పంపా. దగ్గర పెట్టిన ముక్క వాసన చూసి తింటోంది గానీ, గేటు దగ్గర పాలబ్బాయిని మాత్రం దూరం నుంచే గుర్తుపట్టి మొరిగింది. ఇంతకీ మెట్ల సంగతి ఎవ్వరూ చెప్పలేదు.

టైగర్ నాన్న, కరీంనగర్
ఎన్ని మెట్లక్కా?