చర్చ: కాలనీల్లో యువకుల రాత్రి గస్తీ ఉండాలా, వద్దా?

రింగురోడ్డు వాసి:
విజయనగరంలో రింగురోడ్డుకు ఆనుకొని ఉన్న మా కాలనీలో సంక్రాంతి సెలవుల్లో మూడు ఇళ్ల తాళాలు పగిలాయి. మూడూ పండుగకు సొంత ఊళ్లకు వెళ్లినవారి ఇళ్లే. పదేళ్ల క్రితం వరకు మా వీధుల్లో ఒక గూర్ఖా తిరిగేవాడు. అర్ధరాత్రి కరెంటు స్తంభం మీద కర్రతో అతడు కొట్టే చప్పుడు వినబడితే నిద్రలోనే ధైర్యంగా ఉండేది. నెలకోసారి వచ్చి ఇంటికి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకునేవాడు. అతడు వెళ్లిపోయాక ఆ పనికి మరొకరు రాలేదు. అందుకని ఫిబ్రవరి నుంచి పద్నాలుగు మందిమి వంతులు వేసుకొని, రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 4 వరకు ఇద్దరిద్దరుగా టార్చి, ఈల, కర్ర పట్టుకొని తిరుగుతున్నాం.

దొంగల మాట అలా ఉంచితే, మా కాలనీలో సగం ఇళ్లలో ఉన్నది అరవై దాటిన దంపతులే. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. మార్చిలో ఒక రాత్రి రెండో లైనులో ఒక పెద్దావిడ స్నానాల గదిలో జారిపడి, లేవలేక, చెంబుతో తలుపు మీద కొడుతూ ఉంటే, ఆ చప్పుడు విన్నది మా కుర్రవాళ్లే. ఇంత మంచి జరుగుతున్నా సంఘంలో కొందరు ‘ఇది పోలీసుల పని, మీకెందుకు’ అంటున్నారు. ఇప్పుడు కొత్తగా మరొక ప్రతిపాదన వచ్చింది. రాత్రి 12 దాటాక కాలనీలోకి వచ్చే కొత్తవారిని ఆపి, ఆధార్ కార్డు ఫోటో తీసుకోవాలన్నది దాని సారాంశం. దీనిపై మీ అభిప్రాయం తెలుపగలరు.

మూడులాంతర్లు:
తప్పకుండా తీసుకోవాలి. మీరు తిరగడం మొదలుపెట్టాక ఒక్క దొంగతనమైనా జరిగిందా? తప్పు చేయనివాడికి కార్డు చూపించడానికి భయమెందుకు?

రైలుకట్ట:
మూడులాంతర్లు గారూ, భయమెందుకో నేను చెబుతాను. మా పినతల్లి కొడుకు చెన్నైలో భవన నిర్మాణ పనికి వెళ్తాడు. కిందటేడు ఇంటికి వస్తూ రాత్రి రెండు గంటలకు విజయనగరం స్టేషనులో రైలు దిగాడు. ఆటోవాడు రెండు వందలు అడిగేసరికి, ఉన్నది మూడు కిలోమీటర్లే కదా అని సంచి భుజాన వేసుకొని నడక సాగించాడు. దారిలో ఒక కాలనీలో (పైన రాసినవారి కాలనీ కాదు) నలుగురు కుర్రవాళ్లు ఆపారు. సంచి విప్పి రోడ్డు మీద పరిచారు. అందులో రెండు లుంగీలు, ఒక తాపీ, మేనకోడలి కోసం కొన్న ప్లాస్టిక్ వంటసామాను ఉన్నాయి. ఆధార్ మేస్త్రీ దగ్గర ఉంది, ఫోనులో చార్జింగు లేదు. తెల్లవారి ఐదింటి వరకు గుడి మెట్ల మీద కూర్చోబెట్టారు. ఎవరూ కొట్టలేదు, ఒకరు టీ కూడా ఇప్పించారు. అయినా ఆ రోజు నుంచి అతడు రాత్రి రైలు దిగితే తెల్లవారేవరకు ప్లాట్‌ఫారం మీదే పడుకుంటున్నాడు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎన్ని వేల మంది పనుల కోసం వలస పోతారో మనకు తెలియనిది కాదు. అర్ధరాత్రి సంచితో నడిచే మనిషి మనవాడే అయి ఉండడానికి అవకాశం ఎక్కువ. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు వ్యాపించినప్పుడు, తెలుగు ప్రాంతాల్లో బిచ్చగాళ్లను, మతిస్థిమితం లేనివారిని పట్టుకొని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. దేశమంతటా అలాంటివి జరిగాకనే ఆ జూలైలో వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అప్పుడు కొట్టినవారిలో చాలామంది తాము ఊరిని కాపాడుతున్నామనే అనుకొని ఉంటారు.

విశ్రాంత హెడ్డు:
ఇరవై ఏడేళ్లు కానిస్టేబుల్‌గా, హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేశాను కనుక చట్టం సంగతి చెబుతాను. పాత సీఆర్‌పీసీ స్థానంలో, అరెస్టులు, విచారణల పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 40వ సెక్షన్ ప్రకారం, తన కళ్లెదుట నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల) నేరం చేసినవాణ్ని, లేదా కోర్టు ప్రకటించిన నేరస్థుణ్ని సామాన్య పౌరుడు పట్టుకోవచ్చు. పట్టుకున్నాక అనవసర జాప్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. అనుమానం ఉన్నంత మాత్రాన ఆపే హక్కు సామాన్య పౌరులెవరికీ లేదు. దారిన పోయేవాణ్ని అన్యాయంగా అడ్డుకుంటే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నెల రోజుల వరకు జైలు, మెట్ల మీద కూర్చోబెట్టి కదలనివ్వకపోతే 127వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడే అవకాశం ఉంది. రైలుకట్ట గారి తమ్ముడు ఫిర్యాదు ఇచ్చి ఉంటే ఆ నలుగురూ ముద్దాయిలయ్యేవారు.

పోలీసుల గుర్తింపు కార్డు తెచ్చుకుంటే సరిపోతుందని కొందరు అంటారు. తమిళనాడులో 1993లో రామనాథపురం నుంచి ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ అనే స్వచ్ఛంద దళం మంచి ఉద్దేశంతోనే మొదలైంది. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసుల దెబ్బలకు చనిపోయినప్పుడు ఆ దళం సభ్యులపై కూడా ఆరోపణలు రావడంతో, అక్కడి ప్రభుత్వం ఆ దళాన్ని నిషేధించింది. జీతం లేకపోయినా అధికారం రుచి తెలిసినవాణ్ని అదుపులో పెట్టడం కష్టమని నా అనుభవం.

గస్తీ మాత్రం మానవద్దు. చూడండి, ఈల వేయండి, 112కు ఫోను చేయండి. ఊరెళ్లేవారి చేత పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో (తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే ఏర్పాటు) ముందుగా నమోదు చేయించండి. తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా పెడతారు. వెలగని వీధిదీపాల స్తంభాల నంబర్లు రాసుకొని మున్సిపల్ కార్పొరేషనుకు ఇవ్వండి. నా సర్వీసులో నేను చూసిన ఇళ్ల దొంగతనాలు ఎక్కువగా చీకటి మలుపుల దగ్గరే జరిగాయి.

నైట్ డ్యూటీ:
నేను స్టాఫ్ నర్సును. సాయంత్రం షిఫ్టు ముగిసి ఇల్లు చేరేసరికి కొన్ని రోజులు పన్నెండున్నర అవుతుంది. మా వీధిలోనూ ఇలాంటి బృందం ఉంది. మొదటి రాత్రి ‘ఇంత రాత్రప్పుడు ఎక్కడి నుంచమ్మా’ అని మర్యాదగానే అడిగారు, చెప్పాను. మూడో రాత్రి కూడా అడిగారు. తరువాత తెలిసిందేమిటంటే, వాళ్ల వాట్సాప్ గ్రూపులో ‘ఐదో లైను అమ్మాయి, 12.40, బైకు మీద ఎవరో దింపారు’ అని రాసి ఉందట. దింపినది మా ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్. ఆ మాట మా అత్తగారికి నాకంటే ముందే చేరింది.

దొంగను పట్టడానికి పెట్టుకున్న కళ్లు ముందుగా ఆడపిల్లల మీద పడతాయి. మీ పద్నాలుగు మందిలో ఆడవాళ్లు ఎందరు? రాత్రి తిరగమని నేను అనడం లేదు. ఏం రాయాలో, ఏం రాయకూడదో నిర్ణయించేటప్పుడైనా మమ్మల్ని పిలిచారా?

మూడులాంతర్లు:
అమ్మా, మీకు జరిగినది తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఎవరినీ ఆపకూడదు, ఏమీ రాయకూడదు అంటే ఇక కర్ర పట్టుకొని తిరగడం ఎందుకు?

రింగురోడ్డు వాసి:
కర్ర కుక్కల కోసం అండీ. మా మూడో లైనులో రాత్రి పూట కర్ర లేకుండా నడిచి చూస్తే మీకే తెలుస్తుంది.

ఆధార్ ఆలోచనను విరమించుకుంటున్నాం. నిజానికి దాన్ని తెచ్చినది నేనే. 126, 127 సెక్షన్ల సంగతి అప్పుడు నాకు తెలియదు. నర్సు గారి మాట చదివాక మా గ్రూపును మొదటి నుంచి వెనక్కి వెళ్లి చూశాను. దొంగల గురించి ఒక్క సందేశం కూడా లేదు. కాలనీ వాళ్ల రాకపోకల గురించి పదకొండు ఉన్నాయి. వాటిని తొలగించాం. ఇకపై స్తంభాల నంబర్లు, తాళం వేసిన ఇళ్లు, ఒంటరిగా ఉన్న పెద్దవారి క్షేమం తప్ప మరేమీ రాయకూడదని అనుకున్నాం. ఆడవాళ్లు ఎందరని అడిగారు. ఒక్కరూ లేరు. నెలవారీ సమావేశం ఇక నుంచి సాయంత్రం ఆరింటికి, వాళ్లు రాగలిగే వేళకు పెడతాం.

ఒక్క విషయంలో మాత్రం హెడ్డు గారితో పూర్తిగా ఏకీభవించలేను. గోడ దూకి ఇంట్లో దిగినవాణ్ని కళ్లారా చూసి, 112 వాహనం వచ్చేవరకు ఈల వేస్తూ నిలబడమంటే మా కుర్రవాళ్లు నిలబడరు.

విశ్రాంత హెడ్డు:
అది కళ్లెదుట జరిగిన నేరం, 40వ సెక్షన్ వర్తిస్తుంది. పట్టుకోండి, కూర్చోబెట్టండి, చేయి చేసుకోవద్దు. దొంగను పట్టిన రోజునే మా స్టేషనుకు కొట్టినవాళ్ల కేసు కూడా వచ్చిన సందర్భాలు నాకు గుర్తున్నాయి.

రైలుకట్ట:
ఒక ప్రశ్న మిగిలింది. మీ కాలనీ వెనుక, పట్టాల పక్కన మా పేట ఉంది. మీ ఇళ్లలో పనిచేసేవారు, మీ కాలనీ దారినే తెల్లవారి నాలుగింటికి మార్కెట్టుకు కూరగాయల గంపలు మోసేవారు అక్కడే ఉంటారు. మీ పద్నాలుగు మందిలో మా పేట నుంచి ఎవరైనా ఉన్నారా?

రింగురోడ్డు వాసి:
లేరు. అడగాలని మాకు తోచలేదు.