ఈ వారం సమస్య: "చెట్టుకొమ్మ మీఁదఁ జెరువు నిండె"

మేష్టారు: ఆటవెలది నాలుగో పాదం నాది, పై మూడూ మీవి. ఒకటే షరతు, కోస్టారికా, పనామా వాన అడవుల్లో ఉండే ఎర్ర విషకప్ప మీదే రాయాలి. సైజు రెండు సెంటీమీటర్లు, ఒళ్ళు ఎరుపు, కాళ్ళు నీలం, అందుకే దాన్ని బ్లూ జీన్స్ కప్ప అంటారు, నిజంగా జీన్స్ తొడుక్కున్నట్టే ఉంటుంది. అక్కడ చెట్ల మీద అనాస జాతి మొక్కలు పెరుగుతాయి, ఆకుల మొదట్లో వాన నీళ్ళు నిలుస్తాయి, చెరువు అదే, క్లూ ఇచ్చేశా ఇంక.

సత్య:
వేలి గోరు సాటి విషకప్ప తల్లిగా
వీపు మీఁదఁ బిల్ల వేసి యెక్కి
యాకు సందు నీట నప్పగించెను చూడ
చెట్టుకొమ్మ మీఁదఁ జెరువు నిండె

మేష్టారు: వీపు, వేసి యతి హాయిగా పడిందమ్మా. "విషకప్ప" మాత్రం వైరి సమాసం, విషం సంస్కృతం కప్ప తెలుగు, నేనేదో మాటల్లో అనేశా గానీ పద్యంలో ఒప్పుకోరు, "విషభేకి" అను, గణం చెడదు, ఆడకప్ప అనే అర్థమూ వస్తుంది. ఇంకోటి, చెరువు నిండాలంటే వాన పడాలి కదా, నీ పద్యంలో ఆ ఊసే లేదు.

సత్య: "నీట నప్పగించెను" తీసేసి "వాన కప్పగించెను" అంటే సరిపోతుందా అండీ?

మేష్టారు: సరిపోవడమేంటి, ఇప్పుడే పద్యం అయింది.

గోదారోడు:
కోనసీమ తోటఁ గొబ్బరి చెట్టేమొ
నెత్తి మీఁదఁ దీపి నీరు దాఁచె
దాహమైన వాఁడు తలయెత్తి చూచెను
చెట్టుకొమ్మ మీఁదఁ జెరువు నిండె

చిన్ని: కొబ్బరిచెట్టుకి కొమ్మేది బాబాయ్ 😂 కప్ప కూడా లేదు. సత్యక్కా, ఆ తల్లి పిల్లల్ని ఒక్కొక్కదాన్నే మోసుకెళ్తుంది, ఒక్కో ఆకుసందులో ఒక్కటే, తర్వాత కొన్ని రోజులకోసారి వచ్చి పిల్ల కాని గుడ్డు పెట్టి పోతుంది, అదే దాని తిండి, అమ్మ రాగానే పిల్ల ఒళ్ళు బిగబట్టి వణుకుతుందట. అంతకుముందు నేల మీద ఆకుల్లో గుడ్లు ఎండకుండా తండ్రి తడుపుతాడు, దేంతో తడుపుతాడో పద్యంలో పెట్టలేను లెండి.

చెంచెడైన లేని చినుకుల నీరమ్ము
తోకకప్ప కదియె తొట్టి, కడలి
తల్లి గుడ్డె బువ్వ, తడికి వానే దిక్కు
చెట్టుకొమ్మ మీఁదఁ జెరువు నిండె

మేష్టారు: "తొట్టి, కడలి" దగ్గర ఆగిపోయా చిన్నీ. మూడో పాదంలో "తడికి వా" నగము, "నే దిక్కు" తగణం, లెక్క సరే గానీ మాట మధ్యలో విరిగి నోటికి అడ్డం పడుతోంది, అయినా మార్చకు, ఆ బువ్వ పోతుంది. విషం సంగతి ఎవరూ ముట్టుకోలేదేంటి, అది తినే చీమలు, సన్న పురుగుల నుంచే వస్తుంది, బోనులో పెంచి వేరే తిండి పెడితే కప్పకి విషమే ఉండదు, దాని మీద వచ్చే వారం ఇస్తా.

గోదారోడు: కొమ్మ అంటే మట్ట అనుకోండి మేష్టారూ, ఒక్క మార్కన్నా వెయ్యండి.

మేష్టారు: నా పాదం మార్చడానికి లేదు, చెట్టు మార్చుకో నాన్నా.