కొరియన్ డ్రామాలకు ఈ ‘సీజన్ 2’ జబ్బు ఎక్కడ పట్టుకుంది?

ఓరుగల్లు_టీచరమ్మ:
నేను కొరియన్ డ్రామాల్లో పడింది ఒకే కారణానికి. అవి అయిపోతాయి! మా అత్తగారు చూసే సీరియల్ నా పెళ్లికి ముందు మొదలైంది. ఇప్పుడు మా పాప బడికి వెళ్తోంది, అందులో విలన్‌కి ఇంకా బుద్ధి రాలేదు. కొరియావాళ్లు అలా కాదు. వారానికి రెండు చొప్పున 16 ఎపిసోడ్లు, రెండు నెలల్లో కథ కంచికి. ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ 2019 డిసెంబర్‌లో మొదలై 2020 ఫిబ్రవరికల్లా ముగిసింది. దానికి రెండో భాగం రాకూడదని నా కోరిక.

నెట్‌ఫ్లిక్స్ సొంతంగా తీయించడం మొదలుపెట్టాక లెక్క మారింది. 2019లో ‘కింగ్‌డమ్’ ఆరు ఎపిసోడ్లే, సరిగ్గా ఊపు వచ్చిన చోట ఆపేశారు. ‘స్వీట్ హోమ్’ 2020లో చూశాను. రెండో సీజన్ 2023 డిసెంబర్‌లో వచ్చేసరికి ఎవరు మనిషో ఎవరు రాక్షసుడో గుర్తులేదు. ‘స్క్విడ్ గేమ్’ మరీ అన్యాయం. 2024 డిసెంబర్‌లో ఏడు ఎపిసోడ్లు, 2025 జూన్‌లో ఆరు. షూటింగ్ కలిపే చేశారు, కథా ఒకటే. మధ్యలో కోసి రెండో సీజన్, మూడో సీజన్ అన్నారు.

ఇది నా ఒక్కదాని చాదస్తమా? ఒక్క సీజన్‌లో ముగిసే కొత్తవి ఉంటే చెప్పండి. హత్యలు వద్దు, అన్నం తింటూ చూస్తాను.

పుల్లట్టు:
టీచరమ్మగారూ, అన్ని పాపాలూ నెట్‌ఫ్లిక్స్ ఖాతాలో వేయకండి. ‘డాక్టర్ రొమాంటిక్’ ఎస్‌బీఎస్ టీవీలో వచ్చిందే. 2016, 2020, 2023ల్లో మూడు సీజన్లు తీశారు.

ఆ పాత పద్ధతి మనకు ముద్దుగానే ఉంటుంది, తీసేవాళ్లనడగాలి. ఒకపక్క ప్రసారం నడుస్తుంటే ఇంకోపక్క స్క్రిప్టు రాసేవాళ్లు, రాత్రుళ్లు షూటింగ్. 2017 డిసెంబర్‌లో టీవీఎన్ అనే కేబుల్ ఛానెల్‌లో ‘ఎ కొరియన్ ఒడిస్సీ’ రెండో ఎపిసోడ్ గ్రాఫిక్స్ పూర్తికాకుండానే ప్రసారమైంది. నటులను వేలాడదీసిన తీగలు తెర మీద కనిపించాయి! చివరికి ప్రసారం మధ్యలో ఆపేశారు. ముందే అంతా తీసి పెట్టుకుంటే ఈ గోల ఉండదు కదా.

ఓరుగల్లు_టీచరమ్మ:
‘డాక్టర్ రొమాంటిక్’లో ఏ సీజన్ కథ ఆ సీజన్‌లోనే తేలుతుందండీ. నా గొడవ సీజన్లతో కాదు, సగంలో వదిలేయడంతో.

లెక్కలమనిషి:
కథ ఎక్కడ ఆగాలన్నది హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది అక్కా. ‘స్క్విడ్ గేమ్’ దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యుక్ ఆ కథను 2009 ప్రాంతంలోనే రాసుకున్నాడు. దాదాపు పదేళ్లు ఎవరూ డబ్బు పెట్టలేదు. చివరికి నెట్‌ఫ్లిక్స్ పెట్టింది, హక్కులన్నీ తీసుకుంది. అంత పెద్ద హిట్ చేతిలో ఉన్నాక ఒక్క సీజన్‌తో వదులుతారా?

‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’ అనే లాయరమ్మ కథ సంగతి చూడండి. 2022లో ఈఎన్ఏ అనే చిన్న ఛానెల్‌లో వచ్చింది. మొదటి ఎపిసోడ్ రేటింగ్ 1 శాతం కూడా లేదు, చివరిది 17 దాటింది. నిర్మాత ఏస్టోరీ హక్కులు తన దగ్గరే ఉంచుకుని నెట్‌ఫ్లిక్స్‌కి స్ట్రీమింగ్ మాత్రమే అమ్మింది. అదీ 16 ఎపిసోడ్లే. మీరు చూడకపోతే ముందు అదే చూడండి.

ఇలాంటివి మున్ముందు తగ్గుతాయని నా భయం. కొరియా కార్యక్రమాల మీద నాలుగేళ్లలో 250 కోట్ల డాలర్లు పెడతామని నెట్‌ఫ్లిక్స్ 2023లో ప్రకటించింది. ఆ డబ్బుతో అక్కడి టీవీ ఛానెళ్లు ఎక్కడ పోటీపడతాయి? ఇప్పటికే వారం మధ్యలో డ్రామాల స్లాట్లు తగ్గించుకున్నాయి.

రామెన్_రాజు:
టాపిక్ కాదు గానీ, టీవీ డ్రామాల్లో అందరూ ‘సబ్‌వే’ శాండ్‌విచ్ షాపులోనే ఎందుకు తింటారు? ప్రేమ చెప్పుకున్నా అక్కడే, బ్రేకప్ అయినా అక్కడే.

లెక్కలమనిషి:
అక్కడి ప్రధాన ఛానెళ్లలో ఎపిసోడ్ మధ్య యాడ్స్‌కి 2021 జులై దాకా అనుమతి లేదు తమ్ముడూ. అందుకని యాడ్‌ని కథలోకే తోసేవాళ్లు. నెట్‌ఫ్లిక్స్ సొంతంగా తీసేవాటిలో ఆ బెడద తక్కువ. ఈ ఒక్క విషయంలో నేను వాళ్ల పక్షమే.

తెనాలి_పిల్ల:
అక్కా, ‘వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరీన్స్’ చూడండి. 2025 మార్చిలో వచ్చింది, నెట్‌ఫ్లిక్స్ సొంతదే. 16 ఎపిసోడ్లను వారానికి నాలుగు చొప్పున వదిలారు. జెజు దీవిలో సముద్రంలో మునిగి శంఖులూ నత్తలూ ఏరే తల్లి, ఆమె కూతురు, ఆ కూతురి కూతురు. హత్యల్లేవు, కథ పూర్తిగా ముగుస్తుంది. కాకపోతే అన్నం తింటూ చూడకండి, ఏడుపుతో ముద్ద దిగదు.

పుల్లట్టు:
‘హాస్పిటల్ ప్లేలిస్ట్’ కూడా. వారానికి ఒక్కటే ఎపిసోడ్, సిబ్బందికి ఊపిరాడాలని. కానీ 2020లో మొదటి సీజన్ చివర హీరో ఒక మాట అడుగుతాడు. జవాబు చెప్పకుండా మమ్మల్ని ఏడాదికి పైగా కూర్చోబెట్టారు. అది టీవీఎన్ చేసిన పనే, మీరేమో నెట్‌ఫ్లిక్స్‌ని తిడుతున్నారు.

ఓరుగల్లు_టీచరమ్మ:
సరే, టీవీఎన్‌ని కూడా లిస్టులో రాసుకున్నాను 😄. అయినా వారానికి నాలుగు వదిలారంటే నెట్‌ఫ్లిక్స్‌కి కూడా ఎదురుచూడడంలో రుచి తెలిసినట్టే. ముందు లాయరమ్మది మొదలుపెడతాను. జెజుది సెలవుల్లో చూస్తాను, ఇప్పుడు దిద్దాల్సిన పరీక్ష పేపర్లు కట్టలు కట్టలున్నాయి, వాటి మీద కన్నీళ్లు పడితే పిల్లలు ఊరుకోరు.