అప్‌డేట్: ‘లగేజెస్’ ఎందుకు తప్పో పాపకి అర్థమైంది

మొన్న అడిగాను కదా, మా పాప ‘టూ లగేజెస్’ అని రాస్తే టీచర్ కొట్టేశారు, మనం రెండు సామాన్లు అంటాం కదా అని. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్. లగేజ్, ఫర్నిచర్, అడ్వైస్, ఇన్ఫర్మేషన్‌కి చివర ఎస్ రాదు, ముందు ‘ఎ’ రాదు, లెక్క కావాలంటే ‘టూ పీసెస్ ఆఫ్ లగేజ్’ అనాలి. నిన్న ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో పాపకి చూపించాను, కోడిగుడ్లు లెక్కపెట్టి ఇస్తారు, బియ్యం తూచి ఇస్తారు, ఇంగ్లీషులో లగేజ్ కూడా బియ్యంలాగా లెక్కపెట్టని మాటే అని. అసలు చిక్కు మన తెలుగుతోనే, పాలు విరిగాయి, నీళ్లు వచ్చాయి అని బహువచనంలో అంటాం, ఇంగ్లీషులో మిల్క్‌కి, వాటర్‌కి ‘ఈజ్’ పెట్టాలి. జుట్టు మాత్రం రెండుచోట్లా ఏకవచనమే, కానీ సాంబారులో కనబడిన ఒక్క వెంట్రుక అయితే ‘ఎ హెయిర్’! ఇది పాపకి భలే నచ్చింది. ఇంక ‘మెనీ’, ‘మచ్’ మిగిలాయి, సోమవారం టెస్ట్, ఆదివారం కూర్చోబెట్టి చేయిస్తాను.