సమస్య: నక్క పల్కిన పలుకులే నమ్మఁ దగును

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పద్యంలో నాలుగో పాదం; ముందు మూడు పాదాలు మీరు రాయాలి. పంచతంత్రం పొలిమేర దాటకుండా పూరిస్తే సంతోషం. ఒక్క మనవి. మూడు పాదాల్లో కథ చెప్పేసి, సమస్యకు ముందు ‘కనుక’ తగిలించి నీతి బోధించే పద్యాలు ఇప్పటికే కావలసినన్ని వచ్చాయి. నక్కను ఎందుకు నమ్మాలో కథే ఒప్పించాలి.

తెనాలి మాస్టారు:
చెలిమి చెరుపుట తగదని చెప్పె నాడు
దమనకునితోడఁ గరటక ధర్మశీలి;
వినక చెడె మైత్రి; వృషభంబు విగతజీవి;
నక్క పల్కిన పలుకులే నమ్మఁ దగును.

నిర్వాహకుడు:
సింహరాజు పింగళకుడి కొలువు చుట్టూ తిరిగే దమనకుడు, కరటకుడు ఇద్దరూ నక్కలే. దమనకుడు ఆ సింహానికీ దాని స్నేహితుడు సంజీవకుడనే ఎద్దుకూ మధ్య చిచ్చు పెట్టాడు, కరటకుడు వద్దని మొత్తుకున్నాడు. జాతిని బట్టి కాక మాటను బట్టి నమ్మాలన్న పాయింటు బాగా కుదిరింది. అయితే ‘వినక చెడె మైత్రి’ దగ్గర కర్త మారిపోయింది. విననివాడు దమనకుడు, చెడినది మైత్రి. ‘వినమిఁ జెడె మైత్రి’ అనండి. పద్యపు కొలతైన గణమూ చెదరదు, వ్యాకరణమూ నిలుస్తుంది.

హనుమకొండ అమ్మగారు:
నాదొక సందేహం. ఇంత చేసిన దమనకుడికి ఏ శిక్షా పడలేదే! పిల్లలకు ఈ కథ చెప్పి ఏం నేర్పుతాం?

నిర్వాహకుడు:
మూల కథలో పడలేదు. సంజీవకుడు చచ్చాక పింగళకుడు విలపిస్తుంటే దమనకుడే ఓదార్చి మంత్రిగా కొనసాగుతాడు. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, రాజు అమరశక్తి కొడుకులకు ఆరు నెలల్లో నేర్పుతానన్నది రాజనీతి. మంచివాళ్లకు మంచే జరుగుతుందన్న హామీ అందులో లేదు. ఈ ముగింపు పూర్వం కూడా కొందరికి మింగుడు పడలేదు. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబ్బీలోకి తెచ్చిన ‘కలీలా వ దిమ్నా’లో దమనకుడిని విచారించి శిక్షించే అధ్యాయం అదనంగా కనిపిస్తుంది. నా మట్టుకు నాకు శిక్ష లేని కథే ఎక్కువ భయపెడుతుంది. రాజు చెవి దగ్గర ఎవరున్నారో చూసుకోమని పాఠకుడికే వదిలేస్తుంది.

హనుమకొండ అమ్మగారు:
సరే, నా పూరణ. పంచతంత్రంలో కాకులూ గుడ్లగూబల పోరు చెప్పే భాగం కాకోలూకీయంలోని మాట్లాడే గుహ కథ. సింహం అడుగులు గుహలోకే ఉండటం చూసి నక్క గుహను పిలుస్తుంది; లోపలి సింహం బదులిచ్చి దొరికిపోతుంది.
అడుగు జాడలు లోనికే యరుగుచుండ
గుహనుఁ బిలిచెను; సింగంబు కూయఁ బాఱె;
ముసలినైతిని, బిలవాక్కు మును విననను
నక్క పల్కిన పలుకులే నమ్మఁ దగును.

తెనాలి మాస్టారు:
అమ్మా, మూడో పాదం అద్భుతం. ‘ఈ అడవిలోనే ముసలిదాన్నయ్యాను, గుహ మాట్లాడటం ఎన్నడూ వినలేదు’ అన్న నక్క మాటను ఒక్క పాదంలో ఇమిడ్చారు. సమస్యలోకి జారిపోయిన తీరూ సహజంగా ఉంది. కానీ సింహం కూయడమేమిటి? పాదం మొదటి అక్షరం ‘గు’కు యతి, అంటే పాదం మధ్యలో దానికి సరిపడే అక్షరం, కుదరాలని మృగరాజును కోడిపుంజును చేశారు!

హనుమకొండ అమ్మగారు:
నవ్వాగలేదు మాస్టారూ. రెండో పాదం ఇలా మారుస్తున్నాను:
బిలముఁ బిలిచెను, సింగంబు బిట్టఱవఁగ

నిర్వాహకుడు:
ఇప్పుడు సింహం సింహంలా అరిచింది. ‘పాఱె’ పోవడమూ మేలే. మాట్లాడవలసిన నక్కను ముందే పరుగెత్తిస్తే ఎలా? ఇంకొకటి గమనించండి. ఈ కథ చెప్పింది గుడ్లగూబల మంత్రి రక్తాక్షుడు. తన సలహాను రాజు వినకపోతే, తనవాళ్లకు ఈ కథ చెప్పి వాళ్లతో కోట విడిచి వెళ్లిపోయాడు.

డల్లాస్ తమ్ముడు:
చీటి కట్టకు వానితోఁ జెడుదు వనుచుఁ
బంచతంత్రపుఁ గథఁ జెప్పి బతిమలాడె;
వినక మునిగితి, మా యింటి పెద్ద కాంచ
నక్క పల్కిన పలుకులే నమ్మఁ దగును.

తెనాలి మాస్టారు:
‘కాంచ’, ‘నక్క’ కలిస్తే ‘కాంచనక్క’! అవధానాల్లో పాత ఎత్తే అయినా విరుపు చక్కగా కుదిరింది. ఇక్కడ ‘వినక మునిగితి’కి కర్త ఒక్కడే, పేచీ లేదు. చీటి డబ్బులు వచ్చాయా నాయనా?

నిర్వాహకుడు:
విరుపు బాగుంది కానీ నక్క పారిపోయింది. అక్క చెప్పిన కథ ఏదో కూడా తెలియదు. పదం విరిస్తే సమస్య తీరుతుంది, కథ తీరదు. మరొకటి ప్రయత్నించండి.

డల్లాస్ తమ్ముడు:
నీలి రంగది బొంకు. తా నేత యనుట
బొంకు, తోడి నక్కలు గూయఁ బొంగిపోయి
కూత వెట్టిన దొక్కటే కొసకు నిజము;
నక్క పల్కిన పలుకులే నమ్మఁ దగును.

హనుమకొండ అమ్మగారు:
ఈ పద్యం ముందే పెట్టకుండా దాచుకున్నారేం!

తెనాలి మాస్టారు:
కూతను పలుకు అనవచ్చునా?

నిర్వాహకుడు:
చిలుకకు పలుకులున్నప్పుడు నక్కకు మాత్రం ఎందుకుండవు? ఈ కథను ‘వేషం బయటపడక మానదు’ అని ముగించి వదిలేస్తాం. మూలంలో నీలిమందు తొట్టిలో పడి రాజైన చండరవుడనే నక్క దూరాన నక్కల ఊళ వినగానే ఒళ్లు పులకరించి, కళ్లలో ఆనందబాష్పాలు నిండి లేచి కూస్తుంది. ఆ కూతకే ప్రాణం పోయింది. ఈ పద్యంలో ‘పొంగిపోయి’ ఆ పులకరింతను పట్టుకుంది. మోసగాడు దొరికిపోయిన చోటే నిజం పలికాడన్న మెలిక నాకు కొత్త. ఈ వారం మొదటి స్థానం దీనికే.

వచ్చే వారానికి ఆటవెలది, నాలుగో పాదం: ‘కోతి గుండె చెట్టు కొమ్మ నుండె’. మొసలి కథ అందరికీ తెలుసు, దాన్నే తిరగరాసి పంపకండి. మాస్టారు ఆదివారం ఊళ్లో ఉండరట. పూరణలు శనివారం రాత్రిలోగా పెట్టండి.