బొమ్మల పుస్తకాల నుంచి తీసిన సినిమాలు రెండు మూడేళ్ల పిల్లలకు చూపించవచ్చా?

మారతహళ్ళి నాన్న:

అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంటు. తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వచ్చే నెల ఒక శనివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో ప్రొజెక్టర్ పెట్టి చిన్న పిల్లలకు సినిమా వేద్దామని సంఘం వాళ్లు తీర్మానించారు. సినిమా ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. ఆ రోజు మీటింగుకు నేను వెళ్లకపోవడమే కారణం.

వచ్చే పిల్లలు రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఉంటారు. మా అమ్మాయికి రెండున్నర. బొమ్మల పుస్తకం కనిపిస్తే అన్నం కూడా మరిచిపోతుంది. అందుకే పుస్తకాల నుంచి తీసిన సినిమాలైతే మంచిదని నా ఆలోచన. ఎలాగూ తెలిసిన కథే కాబట్టి భయపడరని నా నమ్మకం. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. రెండేళ్ల పిల్లలకు పుస్తకం చాలు, తెర ఎందుకని ఆమె వాదన.

ప్రస్తుతానికి నా జాబితా ఇది: ది గ్రఫలో, ది స్నోమ్యాన్, వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్, ది పోలార్ ఎక్స్‌ప్రెస్. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? 'యు' సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకుంటే సరిపోతుందా? పిల్లలతో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

వైట్‌ఫీల్డ్ అమ్మ:

మా వాడికి మూడేళ్లు. గ్రఫలో సినిమా చూశాడు, ఏమీ కాలేదు, రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇంట్లో పెద్దవాళ్లు లేరు. ఆ అరగంట వాడు కదలకుండా కూర్చుంటేనే మా ఇంట్లో పప్పు ఉడుకుతుంది. ప్రతిదానికీ పిల్లల మెదడు పాడైపోతుందని భయపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిశ్చింతగా వేయండి.

జయనగరం అమ్మమ్మ:

బాబూ, మీ ఆవిడ మాటలో పస ఉంది. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

నేను నర్సరీ బడిలో పనిచేసి రిటైరయ్యాను. పుట్టింది నెల్లూరు, స్థిరపడింది ఇక్కడ. ఇప్పుడు ఆదివారాలు మా వరండాలో చాప పరిచి చుట్టుపక్కల పిల్లలకు పుస్తకాలు చదివి వినిపిస్తుంటాను. ఫీజు లేదు, చెప్పులు మాత్రం వరుసగా విడవాలి.

ఈ మధ్య మూడేళ్ల పిల్లవాడు ఒకడు పులి కథ తీసుకున్నాడు. పులి నోరు తెరిచిన పేజీ రాగానే టపీమని పుస్తకం మూసేసి దాని మీద ఎక్కి కూర్చున్నాడు. నేనేమీ అనలేదు. కాసేపటికి లేచి, పేజీ మూల పట్టుకుని కొద్దిగా ఎత్తి తోక చూశాడు. మళ్లీ మూశాడు. తర్వాత కాళ్లు చూశాడు, ఆ తర్వాత మీసాలు. అలా పులిని తనకు వీలైనంత మేరకే చూసుకుంటూ వెళ్లి, చివరికి పేజీ పూర్తిగా తెరిచి ఆ నోట్లో వేలు పెట్టి నా వైపు గర్వంగా చూశాడు. సినిమాలో ఆ పులి తన సమయానికి తాను వస్తుంది. పిల్లవాడు సిద్ధంగా ఉన్నాడో లేదో దానికి పట్టదు. కళ్లు మూసుకున్నా గాండ్రింపు చెవిలో పడుతూనే ఉంటుంది. రెండు మూడేళ్ల వాళ్ల విషయంలో నా అభ్యంతరం ప్రధానంగా ఇదే. కథ తెలిసినంత మాత్రాన ధైర్యం రాదు. కథను ఆపడం, వెనక్కి తిప్పడం వాళ్ల చేతిలో ఉంటేనే వస్తుంది.

ఇంకొకటి నిడివి. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు. గబగబా చదివితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని అరగంటకో గంటన్నరకో సాగదీయాలంటే పుస్తకంలో లేనిది ఏదో తెచ్చి కలపక తప్పదు. కాబట్టి సినిమా మంచిదా చెడ్డదా అని కాదు, ఏమి కలిపారు అని చూడండి. మీ జాబితాను నేను ఆ లెక్కలోనే చూస్తాను.

వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్ పుస్తకం 1963లో వచ్చింది. మొత్తం పది వాక్యాలు, 338 మాటలు. అల్లరి చేసిన పిల్లవాడు అన్నం లేకుండా గదిలోకి వెళతాడు, వింత జంతువుల దగ్గరికి ప్రయాణం కట్టి, వాటికి రాజై, తిరిగి ఇంటికి వచ్చేసరికి భోజనం వేడివేడిగా ఉంటుంది. 2009 సినిమా గంటా నలభై నిమిషాలు. అందులో తల్లిదండ్రులు విడిపోయి ఉంటారు, అక్క పట్టించుకోదు, అమ్మకు ఒక స్నేహితుడు ఉంటాడు. ఒక జంతువు కోపంలో ఇంకొక జంతువు చేయి పీకేస్తుంది. పెద్దవాళ్లు తమ బాల్యాన్ని తలుచుకుని చూడవలసిన సినిమా అది. పిల్లలు పడుకున్నాక మీరిద్దరూ చూడండి. క్లబ్‌హౌస్‌కు వద్దు.

పోలార్ ఎక్స్‌ప్రెస్ కూడా తీసేయండి. 1985 నాటి పుస్తకంలో రాత్రి రైలు ప్రయాణం ప్రశాంతంగా సాగుతుంది. 2004 సినిమాలో రైలు గడ్డకట్టిన సరస్సు మీద అదుపు తప్పి జారుతుంది, మంచు పగులుతుంది, రైలు కప్పు మీద దయ్యంలాంటి మనిషి ఒకడు. ఆ సినిమాలో మనుషుల ముఖాలు చూస్తే నాకే ఏదోలా ఉంటుంది, పిల్లల సంగతి చెప్పనక్కరలేదు.

గ్రఫలో నయం. 1999 పుస్తకం, 2009లో 27 నిమిషాల సినిమా. వాళ్లు కలిపింది ఒక తల్లి ఉడుత. అది తన పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, గ్రఫలో అనే వింత మృగాన్ని ఎదుర్కొన్న ఎలుక కథ చెబుతుంది. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే భయపడే పిల్లలకు తెర మీదే ఒక ఒడి దొరికింది. నాలుగేళ్లు దాటినవాళ్లకు నిక్షేపంలా చూపించవచ్చు.

స్నోమ్యాన్ దగ్గర నాకే రెండు మనసులు. 1978 పుస్తకంలో ఒక్క మాట కూడా ఉండదు, 1982 సినిమా 26 నిమిషాలు. క్రిస్మస్ తాతను కలవడం సినిమావాళ్లు కలిపిందే. దానితో ఏ ఇబ్బందీ లేదు. చివరికి మంచు మనిషి కరిగిపోతాడు, రెండింటిలోనూ. పుస్తకంలో అయితే పిల్లలు వెంటనే మొదటి పేజీకి వెళ్లి మంచు మనిషిని మళ్లీ నిలబెట్టేస్తారు. నా దగ్గర చాలామంది చేసేది అదే. సినిమాలో ఆ ఉపాయం లేదు, పేర్లు పడిపోతాయి.

'యు' సర్టిఫికెట్ అంటే ఎవరైనా చూడవచ్చని, అంతే. 2024 నిబంధనలతో యు/ఏ కింద 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి గానీ ఏడేళ్ల లోపు పిల్లల్లో తేడా చెప్పే మెట్టు ఏదీ లేదు. రెండేళ్ల పాపకూ వాళ్ల తాతగారికీ ఒకటే చీటీ.

ఇంట్లో మీరు ఇంగ్లీషు పుస్తకమే తెరిచినా కథ తెలుగులో చెబుతారు కదా? మధ్యలో మీ అమ్మాయి పేరు కలుపుతారు, తను "ఎందుకు?" అంటే ఆగి జవాబు చెబుతారు. సినిమా అలా ఎవరి కోసమూ ఆగదు.

వైట్‌ఫీల్డ్ అమ్మ గారూ, మిమ్మల్ని ఉద్దేశించి కాదు తల్లీ. పప్పు ఉడకాల్సిందే. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు 2021లో చెప్పింది కూడా రెండేళ్ల లోపు తెర వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించవద్దని. మీ అరగంట అందులో సరిపోతుంది. ఇంట్లో మీ వాడు భయపడితే మీరు వంటగదిలోంచి రెండు అడుగుల్లో వచ్చి ఆపేస్తారు. చీకటి హాల్లో నలభై మంది మధ్య ఆపేది ఎవరు?

బొమ్మలు కదిలించేవాడు:

నేను బెంగళూరులోనే యానిమేషన్ పనిలో ఉన్నాను కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటే సర్దుకోండి. అమ్మమ్మగారు చెప్పినవాటిలో చాలావరకు నిజమే. 'కలపడం' అనేదాన్ని తప్పులా చూడటం మాత్రం నాకు మింగుడు పడలేదు. స్నోమ్యాన్‌కు కలిపినవాటిలో సంగీతం కూడా ఉంది. మాటలు లేని పుస్తకానికి మాటలు అంటించకుండా, రంగు పెన్సిల్ గీతల మెత్తదనం తెర మీద కూడా పోకుండా చేతితో గీసి తీశారు. మంచు మనిషి, పిల్లవాడు ఆకాశంలో ఎగిరే ఘట్టంలో ఒక్క పాట తప్ప కథంతా సంగీతంతోనే నడుస్తుంది. తెలుగు పిల్లలు, కన్నడ పిల్లలు, తమిళ పిల్లలు ఒకే వరుసలో కూర్చుని చూడగలిగే సినిమా మీ జాబితాలో అదొక్కటే.

కరిగిపోవడం గురించి కూడా నాది వేరే మాట. ఐదేళ్ల పిల్లలు ఆ బాధను తట్టుకోగలరు. ఎవరైనా పక్కన ఉండాలి, అంతే.

సినిమా ఎంచుకునేటప్పుడు మా వృత్తిలో మేము చూసేది షాట్లు ఎంత వేగంగా మారుతున్నాయి అన్నది. శబ్దం తీసేసి రెండు నిమిషాలు చూడండి. దృశ్యం మారినప్పుడల్లా టేబుల్ మీద వేలితో కొట్టండి. వేలికి ఖాళీ దొరక్కపోతే ఆ సినిమా చిన్న పిల్లలకు కాదు. కథ ఎంత మంచిదైనా సరే.

మీకు ఇంకొక దారి ఉంది. అమెరికాలో వెస్టన్ వుడ్స్ అనే సంస్థ 1953లో మొదలైంది. వాళ్ల తొలి సినిమాల్లో బొమ్మ కదలదు, కెమెరా కదులుతుంది. పుస్తకంలోని అసలు బొమ్మ మీదే మెల్లగా పక్కకు జరుగుతూ, ఒక ముఖం దగ్గర ఆగుతూ, వెనక ఒక గొంతు కథ చదువుతుంది. చూసే తీరు అచ్చంగా పుస్తకం చూసినట్టే ఉంటుంది. మన ఊళ్లోనే ఉన్న ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రొజెక్టర్ మీద పేజీ పేజీగా వేసి, ఎవరైనా నిలబడి చదివితే, మౌస్ ఒక పిల్లవాడి చేతికిస్తే, పేజీ తిప్పే అధికారం మళ్లీ పిల్లలకే వస్తుంది. అమ్మమ్మగారి అభ్యంతరానికి ఇది జవాబు అవుతుందేమో చూడండి.

జయనగరం అమ్మమ్మ:

మౌస్ ఒక్కరికే ఇస్తే మిగతావాళ్లు యుద్ధం చేస్తారు బాబూ. వంతులు వేయాలి. ఆ మాట అటుంచితే ఆలోచన బాగుంది. సంగీతం సంగతి కూడా ఒప్పుకుంటున్నాను, కరిగిపోవడం సంగతి ఒప్పుకోను.

వైట్‌ఫీల్డ్ అమ్మ:

వేలితో కొట్టే పరీక్ష మా వాడు రోజూ చూసే కార్టూన్ మీద చేశాను. నా వేలు నొప్పి పుట్టింది. వాడికి ఈ విషయం ఎలా చెప్పాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అమ్మమ్మగారూ, మీ వరండాలో కథలు ఎన్ని గంటలకు?

జయనగరం అమ్మమ్మ:

చెప్పకండి. ఆ కార్టూన్ వచ్చే వేళకు బకెట్‌లో నీళ్లు పోసి గిన్నెలు ఇవ్వండి, కడుగుతాడు. ఆదివారం పదింటికి రండి. ట్రాఫిక్ చూసుకుని బయలుదేరండి, వైట్‌ఫీల్డ్ నుంచి జయనగరం అంటే మాటలు కాదు.

మారతహళ్ళి నాన్న:

అందరికీ ధన్యవాదాలు. సంఘం వాళ్లతో మాట్లాడి ఇలా ఖాయం చేశాను. మూడేళ్ల లోపు పిల్లలకు సినిమా లేదు. వాళ్లకు పక్క గదిలో చాప మీద మా ఆవిడ పుస్తకాలు చదువుతుంది, తల్లిదండ్రుల్లో ఒకరు కూడా కూర్చోవాలి. మూడేళ్లు దాటిన పిల్లలకు ముందు స్టోరీవీవర్ నుంచి రెండు తెలుగు కథలు, తర్వాత గ్రఫలో. లైట్లు సగం వెలుగుతూ, తలుపు తెరిచే ఉంటుంది. స్నోమ్యాన్ డిసెంబరులో ఐదేళ్లు దాటినవాళ్లకు విడిగా వేస్తాం. మిగతా రెండూ తీసేశాను. ఒక సందేహం మిగిలింది. చాప మీద పిల్లలు పదిహేను మంది దాకా అవుతారు. ఒక్క పుస్తకంతో అంతమందికి చదవడం కుదురుతుందా?

జయనగరం అమ్మమ్మ:

కుదరదు. ఏడెనిమిది మంది దాటితే వెనకవాళ్లకు బొమ్మ కనిపించదు, లేచి నిలబడతారు, వాళ్ల వెనక ఉన్నవాళ్లు ఏడుపు అందుకుంటారు. రెండు గుంపులు చేయండి, ఇంకొక చాప వేయండి, రెండో గుంపుకు మీరు చదవండి. గ్రఫలో నడిచేటప్పుడు ప్రొజెక్టర్ తనంతట తానే నడుస్తుంది కదా, మీరు అక్కడ నిలబడి చేసే పనేమీ లేదు. పుస్తకం మోకాళ్ల మీద కాదు, ఛాతీ పక్కన పట్టుకోండి, బొమ్మ వాళ్ల వైపు ఉండాలి. అక్షరాలు మీకు పక్క నుంచి కనిపిస్తాయి, కొంచెం మెడ నొప్పి వస్తుంది.